ఎర్రగీత దాటిన పద్యం

కర్నూలు రాజధానిగా ఉన్న ఆ కొద్ది ఏళ్ళలో నేను మద్రాసులో ఒక సంస్థలో రికార్డింగు పని చేసేవాణ్ణి. ఊళ్ళలో పాడే పాటలూ, నాటకాల పద్యాలూ టేపు మీదికి ఎక్కించి దాచడం ఆ సంస్థ పని. గోదావరి వైపు పోవాలంటే ఆఫీసులో అందరూ సిద్ధమే. కర్నూలు, కడప అనేసరికి ఒకరికి జ్వరం, ఇంకొకరికి ఇంట్లో శుభకార్యం. చివరికి నా దగ్గరికొచ్చి, మీది ఆ వైపే కదా, ఆ ఎండలు నీకు అలవాటేలే అనేవారు. ఎండలు నాకేమైనా మేనమామలా? అయినా పోయేవాణ్ణి. పోకపోతే ఆ గొంతులు ఎవరూ పట్టరని లోపల ఒక బాధ ఉండేది.

మా సరంజామా అంతా ఒక పాత వ్యానులో పట్టేది. బరువైన టేపు మిషను, రెండు మైకులు, బ్యాటరీలు, ఒక ఇనప పెట్టె. ఆ పెట్టెనే మిక్సరు అనేవాళ్ళం. ఒక్కో మైకుకు ఒక్కో బిరడా ఉంటుంది. కుడికి తిప్పితే గొంతు పెరుగుతుంది, ఎడమకు తిప్పితే తగ్గుతుంది. బిరడాల పైన చిన్న గాజు అద్దం, దాని వెనక ముల్లు. గొంతు పెరిగే కొద్దీ ముల్లు కుడివైపుకు లేస్తుంది. చివర్లో ఎర్రగీత. ముల్లు ఆ గీత దగ్గరికి వచ్చి వెనక్కి పోతూ ఉంటే మంచి రికార్డింగు. గీత దాటి అక్కడే కూర్చుంటే టేపు మీద గొంతు పగిలి బరబరమంటుంది. అసలు లేవకపోతే గొంతు కంటే టేపు రొద ఎక్కువ వినిపిస్తుంది. నా ఉద్యోగమంతా ఆ ముల్లును చూస్తూ కూర్చోవడమే. ఎదురుగా మనిషి ఏడుస్తూ పాడుతున్నా నేను చూసేది ఆ ముల్లునే. మా ఇంట్లోవాళ్ళు పెళ్ళికి పిలుచుకుపోతే, నాదస్వరం వినపడగానే నా కుడిచెయ్యి దానంతటదే బిరడా తిప్పినట్టు తిరిగేది.

ఆ ఎండాకాలం బేతంచెర్లకు పొమ్మన్నారు. అక్కడ ఒక నాటకాల పెద్దాయన ఉన్నాడు, రాజు వేషాలకు ఆ చుట్టుపక్కల ఆయన్ను మించినవాడు లేడు, త్వరగా పోయి పట్టుకురా అని మా అధికారి చెప్పాడు. ఆ తొందర ఎందుకో అక్కడికి పోయిన తరువాత తెలిసింది. పెద్దాయన గొంతులో పుండు లేచింది. మద్రాసు పెద్దాసుపత్రిలో చూసి, గొంతుపెట్టె తీసేస్తేనే మనిషి బతుకుతాడని చెప్పారట. ఆపరేషనుకు రమ్మన్నారు. నేను పోయిన మూడో రోజు పొద్దున్నే ఆయన రైలెక్కాలి. ఆ తరువాత పాట సంగతి అటుంచి, నోటి వెంట మాటే రాదు.

ఆయనకు యాభై దాటి ఉంటాయి. పొడుగాటి మనిషి, మెడకు తుండు చుట్టుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు. భూములున్న ఇల్లు. మాట బొంగురుగా, మెల్లగా వస్తోంది. ఈ గొంతుతో ఏం పాడతాడా అని నాకు అనుమానం వచ్చింది. ఆయన అది కనిపెట్టి, పొద్దున పూట ఒక గంట మాత్రం గొంతు పలుకుతుందని, మధ్యాహ్నానికి పూడుకుపోతుందని చెప్పాడు. పైగా మిట్టమధ్యాహ్నం నుంచి గనుల్లో బండలకు తూటాలు పేలుస్తారు. ఆ దెబ్బకు నా ముల్లు ఎగిరి పడుతుంది. కాబట్టి ఏం చేసినా మరుసటి పొద్దుటే చెయ్యాలి.

మీ హాల్లోనే పెట్టుకుందామా అని అడిగాను. ఇంట్లో వద్దన్నాడు. నేను నేల వంక చూసి, నిజమే, బండలు పరిచిన ఇల్లు, గొంతు నాలుగు గోడలకూ తగిలి మారు మోగుతుంది అన్నాను. ఆయన అందుకు కాదని తల అడ్డంగా ఊపాడు. ఇంటిలోపలికి ఒకసారి చూసి, గొంతు ఇంకా తగ్గించి అసలు సంగతి చెప్పాడు.

ఆయన నాటకాల్లో చేరిన రోజు తండ్రి అన్నం మానేశాడట. మన ఇంటి పిల్లోడు మొహానికి రంగు పూసుకోవడమా అని. చివరికి తండ్రీ కొడుకులు ఒక ఒప్పందానికి వచ్చారు. బయట ఏ వేషమైనా కట్టుకో, కానీ మన ఇంటి ఆడవాళ్ళ చెవిన పడేటట్టు నువ్వు పద్యం ఎత్తకూడదు అన్నాడు తండ్రి. సరేనని దేవుడి పటం ముందర మాటిచ్చాడు. ఇంట్లో ఏనాడూ రాగం తీయలేదు. స్నానం చేస్తూ కూడా కూనిరాగం తీసేవాడు కాదు. ఊళ్ళో నాటకమైతే ఇంటి ఆడవాళ్ళెవరూ గడప దాటేవారు కాదు. తండ్రి పోయి ఏళ్ళు గడిచాయి. మాట మాత్రం పోలేదు. అన్ని జిల్లాలూ తిరిగి ఆయన పద్యం వినిపించాడు, భార్యకు మాత్రం ఒక్కటీ వినిపించలేదు.

నాకు కోపం వచ్చింది. చచ్చిపోయిన మనిషికి ఇచ్చిన మాట, ఎల్లుండి రైలెక్కి గొంతు కోయించుకోబోయే మనిషిని ఇంకా కట్టేసి ఉంచడమేమిటి? లోపలికి పోయి ఆమె ఎదురుగా కూర్చుని ఒక పద్యం పాడండి, దీనికి నా మిషనెందుకు అని అనేశాను. ఆయన చిన్నగా నవ్వాడు.

“ఇంట్లో నేను పద్యం ఎత్తనని మాటిచ్చినానప్పా. మిషను ఎత్తగూడదని మా నాయన అడగలే, నేను చెప్పలే. నువ్వు దాన్ని తెచ్చి మా ఇంట్లో పెట్టు. ఆయమ్మ ఒక్కసారి ఇంటే చాలు, ఆ మీదట కోసుకుంటే కోసుకోనీ.”

మా సంస్థ ఏమనుకుంటుందో, ఆ పద్యాలు ఎవరికి పనికొస్తాయో, అవేవీ ఆయనకు పట్టలేదు. ఆయనకు కావలసింది ఆ ఒక్కటే. ఆ క్షణం నుంచి నాకూ అదే పని అయింది.

ఊరి చివర వేరుశెనగ కాయల గోదాము ఒకటి చూసుకున్నాం. చుట్టూ కప్పుదాకా బస్తాలు పేర్చి ఉన్నాయి. బస్తాలు గొంతును మింగేసి మారు మోగనివ్వవు. మద్రాసులో డబ్బులు పోసి కట్టించుకున్న గదుల కంటే మేలు. దుమ్ముకు తుమ్ములొస్తాయి, అంతే. పొద్దున్నే ఆయనా, ఎన్నో ఏళ్ళుగా ఆయనకు హార్మోనియం వాయించే సాయిబూ వచ్చారు. పెద్దాయన తెల్లటి పంచె కట్టుకుని, నుదుట బొట్టు పెట్టుకుని, నాటకానికి వచ్చినట్టే వచ్చాడు. మైకుకు దండం పెట్టాడు. సాయిబు ముఖం అప్పటికే వాడిపోయి ఉంది.

ఒక మైకు పెద్దాయనకు, ఒకటి హార్మోనియానికి పెట్టాను. లెవెలు చూసుకోవడానికి నేను ఎవరినైనా ముందు రెండు ముక్కలు పాడమని అడుగుతాను. అప్పుడు కూడా టేపు తిరగనిస్తాను. బ్యాటరీల గుయ్ మనే చప్పుడు టేపులోకి ఎక్కుతోందేమో తరువాత విని చూసుకోవాలి కదా. అలాగే ఆయన్నూ అడిగాను. చిన్నగా రెండు ముక్కలు పాడండి, ఇది లెక్కలోకి రాదు, అసలుది ఆ తరువాత అని స్పష్టంగా చెప్పాను. ఆయన సరేనన్నాడు. సాయిబు శ్రుతి అందించాడు.

రాజ్యం పోగొట్టుకుని అడవిపాలైన రాజు, భార్యను తలుచుకుని పాడే పద్యం అది. నేను మైకును మూరెడు దూరంలో పెడితే, ఆయన ఒక అడుగు ముందుకు వేసి, మైకు కడ్డీని గుప్పిట్లో పట్టుకుని, పెదాలు మైకుకు ఆనేటట్టు నిలబడి ఎత్తుకున్నాడు. మా వైపు నాటకాల వాళ్ళందరిదీ అదే అలవాటు. ఆ ఊళ్ళ మైకుసెట్లు దగ్గరగా అరిస్తే తప్ప పలికేవి కావు. మైకును మింగినట్టు పాడితేనే చివరనున్నవాడికి వినపడేది. నిన్నటి ఆ బొంగురు మనిషి ఎక్కడికి పోయాడో తెలియదు. గొంతు గోదాము కప్పుకు కొట్టింది. నా ముల్లు ఒక్క ఉదుటున ఎర్రగీత దాటి, గాజు అంచుకు తగులుకుని అక్కడే నిలబడిపోయింది.

బిరడా తగ్గించాను. ముల్లు దిగలేదు. ఇంకా తగ్గించాను. మైకు అంత దగ్గరగా ఉంటే బిరడా ఏం చేస్తుంది? వెనక్కి జరగండి అని చెయ్యి ఊపాను. ఆయన నా చెయ్యి చూశాడు. నేను మెచ్చుకుంటున్నానని అనుకున్నాడో ఏమో, ఇంకా పైస్థాయికి ఎక్కాడు. ఆపండి అని రెండు చేతులూ ఎత్తాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. చివరి రాగం తీస్తుంటే మెడ మీద నరాలు ఉబ్బి తుండు వదులైంది. సాయిబు కళ్ళ నీళ్ళు కారుతున్నా తుడుచుకోకుండా వాయిస్తున్నాడు. పద్యం ముగిసేదాకా ముల్లు ఆ ఎర్రగీత అవతలే ఉంది.

ఆయన ఒక బస్తా మీద కూలబడ్డాడు. నేను లేచి పోయి, రెండు ముక్కలే కదా అడిగింది, పద్యమంతా ఎందుకు పాడారు, ఇది లెక్కలోకి రాదని చెప్పానే అని కాస్త గట్టిగానే అన్నాను. ఆయన నీళ్ళు తాగి చెప్పాడు.

“ఎత్తిన పద్యం నడిమధ్యలో దించగూడదప్పా. అట్ల దించేది వేషగానికి పాపం. ఒక్క ముక్క ఎత్తినా తుదిదాకా పోవాల్సిందే.”

తరువాత మైకును దూరం జరిపాను. కడ్డీ పట్టుకోకుండా ఆయన చేతులు వెనక్కి కట్టుకోమన్నాను. ఎక్కడ నిలబడాలో నేల మీద సుద్దతో గీత గీశాను. ఆయన చిన్నపిల్లవాడిలాగా చెప్పినట్టల్లా విన్నాడు. రెండోసారి పాడాడు. ముల్లు ఎంత చక్కగా ఆడిందని! ఎర్రగీత దాకా వచ్చి, తాకీ తాకనట్టు వెనక్కి పోతోంది. మా ఆఫీసులో ఎవరికి చూపించినా భేష్ అనే రికార్డింగు. కానీ గొంతు లేదు. ఉన్నదంతా మొదటిసారే పోసేశాడు. పైస్థాయి దగ్గర గాలి మాత్రమే వచ్చింది. మూడోసారి పాడతానన్నాడు. వద్దన్నాం. వినలేదు. సగం దాటిన తరువాత దగ్గొచ్చింది, దగ్గులో నెత్తురు పడింది. అయినా దాన్ని తుడుచుకుని, మిగిలిన సగం మాటల్లాగా పలికి పూర్తిచేశాడు. బయట ఎండ నెత్తి మీదికి వచ్చింది. గనుల వైపు మొదటి తూటా పేలింది. ఇక కట్టేయక తప్పలేదు.

ఈ సంగతి చెబితే, నీదే పొరపాటు అన్నవాళ్ళున్నారు. నాది కాదు. నేను నా పని నియమం ప్రకారం చేశాను, ఆయన తన పని తన నియమం ప్రకారం చేశాడు. ఎవరి తప్పూ లేకుండానే ఆ పొద్దు పాడైపోయింది. అందుకే నాకు ఇప్పటికీ ఎవరి మీద కోపగించుకోవాలో తెలియదు.

సాయంత్రం మిషనును వాళ్ళ ఇంటికి తీసుకుపోయాను. పెద్దాయన గడప లోపలికి రాలేదు. తన పద్యం ఇంట్లో మోగేటప్పుడు తాను లోపల ఉండకూడదని ఆయన లెక్క. అరుగు మీద వాకిలి పక్కనే కూర్చున్నాడు. నేను మిషనును గడపకు ఆనించి లోపల పెట్టుకుని, ఆయనకు బారెడు దూరంలో కూర్చున్నాను. ఆయన భార్య లోపలి గది తలుపు వెనక నిలబడింది. చీర అంచు, చేతి గాజులు మాత్రం కనిపిస్తున్నాయి. ఆమెకు ఇదేమీ ముందుగా చెప్పినట్టు లేదు. మద్రాసు నుంచి ఎవరో మిషను తెచ్చారు, విను అని మాత్రం చెప్పారు.

ఏది వినిపించాలా అని నేను ఎక్కువ ఆలోచించలేదు. మొదటిది పగిలిన రికార్డింగు. పగిలినదాన్ని ఒకరికి వినిపించడం మా వృత్తిలో సిగ్గుచేటు. లెవెలు చక్కగా ఉన్న రెండోదే పెట్టాను. ప్రతి అక్షరం తేటగా వినపడింది. ఆ నీరసం, ఆ ఆయాసం కూడా అంతే తేటగా వినపడ్డాయి. పెద్దాయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, నేల వంక చూస్తూ విన్నాడు. పద్యం అయిపోయింది. లోపల గాజులు కదల్లేదు. తలుపు వెనక నుంచి ఆమె గొంతు వచ్చింది.

“ఇది ఎవురిది నాయనా?”

ఆయనదేనమ్మా అన్నాను. కాదు, ఇది ఆయప్ప గొంతు కాదు అంది, ఏ అనుమానమూ లేకుండా. నేను అరుగు మీదికి చూడలేకపోయాను. ఇంత చేసి, నెత్తురు కక్కుకుని, చివరికి భార్యతో తన గొంతు తనది కాదనిపించుకున్నాడే అని దుఃఖమొచ్చింది. ఏ గొంతు కోసమని ఈ మనిషి నన్ను అడిగాడు, నేను ఏ గొంతు వినిపించాను! టేపును వెనక్కి తిప్పేశాను. ముల్లు ఎక్కడికి పోతే నాకేమిటని మొదటిదే పెట్టాను.

అది పగిలిన గొంతే. పైస్థాయిలో బరబరమని చీలుతోంది, హార్మోనియం ఆ హోరులో మునిగిపోయింది. మాటలు సగం తెలియడం లేదు. తలుపు వెనక నుంచి ఆమె బయటికొచ్చింది. పరాయి మగవాణ్ణి నేనక్కడ ఉన్నానని కూడా చూడకుండా వచ్చి, మిషను ముందర బండల మీద కూర్చుంది. పద్యం చివరి రాగం రాకముందే ఆమె తల ఊగడం మొదలైంది. ఎక్కడ సాగుతుందో, ఎక్కడ ఆగుతుందో ఆమెకు తెలుసు. ఎప్పుడూ వినని మనిషి తల అలా ఊగదు. అది నేను కనిపెట్టేలోపే పెద్దాయన కనిపెట్టాడు. అరుగు మీద నుంచి లేచి వాకిట్లో నిలబడ్డాడు.

ఇదే ఆయప్పది అంది ఆమె, నాతోనే, మిషను మీద నుంచి చూపు తిప్పకుండా. తరువాత అడగకుండానే చెప్పింది. ఊళ్ళో నాటకమైన ప్రతిసారీ, మామ ఉన్నన్నాళ్ళూ ఆయన పడుకున్న తరువాత, ఆయన పోయాక కూడా అలాగే చాటుగా, ఆమె మిద్దెక్కేదట. పందిరి దగ్గర వెదురుకు కట్టిన మైకు బూర ఊరంతటికీ వినిపించేది. గాలి ఇటు తిరిగితే ప్రతి మాటా, గాలి అటు తిరిగితే రాగం మాత్రం. ఏ రోజు ఆయనకు జలుబు చేసిందో, ఏ రోజు ఏ పద్యం ఎగ్గొట్టాడో అన్నీ చెప్పింది. గొంతు చెడిందని కూడా ఇంట్లో అందరికంటే ముందు, మిద్దె మీద, ఆమెకే తెలిసిందట. ఆ చీలిన బూరలో వచ్చిన గొంతే ఆమెకు తెలిసిన భర్త గొంతు. నా మైకులో తేటగా పట్టిన గొంతు ఆమె ఏనాడూ వినలేదు.

పెద్దాయన గడప మీద చెయ్యి ఆనించి, చాలా కష్టంగా ఒక మాట అడిగాడు. ఒక్కనాడూ చెప్పలేదే అని. ఆమె అప్పుడు మొదటిసారి ఆయన వైపు తిరిగింది.

“ఎట్ల చెప్పేది? నేనింటాండానని తెలిస్తే నువ్వు పాడేది మానుకుంటాంటివి. మాట తప్పే మనిషివి గాదు గదా.”

ఆయన ఆమె వంక చూస్తూ నిలబడ్డాడు. ఏదో చెప్పబోయాడు. పెదాలు కదిలాయి. గొంతులో నుంచి గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. మెడ మీద నరాలు పొద్దుటిలాగే ఉబ్బాయి. ఈసారి దగ్గొచ్చింది. ఆమె లేచి నీళ్ళు తెచ్చి ఇచ్చింది. నేను మిషను కట్టేసి, వైర్లు చుట్టుకుంటూ తల వంచుకుని కూర్చున్నాను. మరుసటి పొద్దున వాళ్ళు రైలెక్కారు. నేను తరువాతి రికార్డింగు కోసం వ్యానులో వేంపల్లె వైపు పోయాను.

మద్రాసు చేరిన తరువాత మా అధికారి టేపులు విన్నాడు. మొదటిది లెవెలు మించింది, మిగతావి గొంతు లేనివి, మూడూ పనికిరావు అన్నాడు. మొదటిదైనా ఉంచమని వాదించాను, గట్టిగానే వాదించాను. పగిలినవన్నీ దాచుకుంటే కొత్త టేపు నువ్వు కొంటావా అన్నాడు. పనికిరాని టేపులు తుడిచి మళ్ళీ వాడుకోవడం అక్కడి పద్ధతి. తుడిచేశారు.

ఆ వారంలోనే ఆసుపత్రికి పోయాను. ఆపరేషను అయిపోయింది. మెడకు గుడ్డ కట్టి ఉంది, దాని కింద నుంచి ఊపిరి ఈలలాగా వస్తోంది. మంచం మీద ఒక పలక, బలపం. దాని మీద నీళ్ళు అనో, నొప్పి అనో రాస్తే నర్సు చదువుకునేది. పక్కనే కూర్చున్న భార్యకు చదువు రాదు. నన్ను చూసి పెద్దాయన చెయ్యెత్తి పలకరించాడు. కాసేపు కూర్చుని లేస్తుంటే ఆమె వరండాలోకి నా వెంట వచ్చింది. టేపు సంగతి అడుగుతుందేమోనని భయపడ్డాను. అది అడగలేదు.

“ఆ పొద్దు వాకిట్లో ఆయప్ప ఏందో చెప్పబాయ. నువ్వు పక్కనే ఉంటివి గదా నాయనా. ఏమన్న్యాడో ఇన్న్యావా?”

పలక మీద రాయమని అడగకపోయారా అన్నాను. అడిగిందట. ఆయన బలపం చేతిలోకి తీసుకుని, చాలాసేపు పట్టుకుని, ఏమీ రాయకుండానే పక్కన పెట్టేశాడట. ఆ మాట ఇంకొకరు చదివి ఆమెకు చెప్పడం ఆయనకు ఇష్టం లేదని నాకు అర్థమైంది. ఆమెకూ అర్థమయ్యే ఉంటుంది. అయినా నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. ఏదో ఒక మంచి మాట కల్పించి చెబుదామా అనుకున్నాను. నోరు రాలేదు. బారెడు దూరంలో కూర్చున్నాను, వినడమే నా ఉద్యోగం, అయినా వినలేదమ్మా అని చెప్పాను.